బఠాణీలు ఒలిచే సీను

1986 ఫిబ్రవరి 20

మీరన్నది తప్పు. ఆ రెండు సినిమాలూ ఒకటే కథ కాదు.

సాయంత్రం సుభాన్ బాషా వీడియో అంగడి నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూ, గుమ్మానికి చెప్పినట్టు చెప్పారు. "ఇంగ్లీషులో తీసింది చూసినా. రెండూ ఒకటే కథ. ఆ పొద్దు తిరపతిలో చెప్పింది సరిగ్గానే ఉండాది." చెప్పింది ఎవరో మాత్రం అనలేదు. గుమ్మమే చెప్పిందేమో. ఇన్నాళ్లకు మీ గొంతు వినడం ఇదే. అది కూడా పిండిమరలో రాయి పడ్డట్టు వినిపించింది. నేను నీళ్ల తొట్టి వైపు తిరిగి, "కాళ్లు కడుక్కుంటే వడ్డిస్తాను" అన్నాను. మన ఇంట్లో గోడలకు, తొట్లకు తెలిసినన్ని సంగతులు మనుషులకు తెలియవు.

ఎదురుగా చెప్పలేనిది ఇక్కడ రాస్తాను. ఈ పుస్తకం మీ కంట పడదు. పెళ్లయిననాటి నుంచి మీరు నా పెట్టె మూత ఎత్తి ఎరుగరు. అది మర్యాదో, అక్కర లేకపోవడమో నేనింకా తేల్చుకోలేదు.

మార్చి పదకొండున వేలూరులో మీ గొంతుకు ఆపరేషన్. మనిషి నిలుస్తాడు, మాట నిలవదు అని డాక్టరు చెప్పాడు. మీరేమో బెల్లం బేరం చేసినట్టు, "సగం తీస్తే చాలదా?" అని అడిగారు. చాలదన్నాడు. చిత్తూరు బెల్లం మండీలో వేలం పాడిన గొంతు అది. బండి దిగుతున్న రైతును అంత దూరం నుంచే ఊరితో సహా పేరు పెట్టి పిలిచే గొంతు. ఆ గొంతుకు ఇంక కొన్నాళ్లే మిగిలాయి, వాటిలో సగం మనం మాట్లాడకుండా తగలేశాం.

తగలేసింది నేనే. ఎట్లాగో రాసుకుంటే తప్ప నాకు నిద్ర పట్టదు.

తిరుపతి యూనివర్సిటీ సినిమా క్లబ్బులో ఫ్రెంచి హాస్య చిత్రం వేస్తున్నారని అక్కడ చదివే మన దేవకి రాసింది. (దానికి మీ అమ్మ పేరే పెట్టాం. దేవకమ్మ అని పిలిస్తే పలకదు, దేవకి అంటేనే మనవరాలు.) డాక్టరు మాట చెవిలో గింగురుమంటూ ఉంటే ఇంట్లో కూర్చోలేక, మీరే "పోదాం" అన్నారు. తీరా పోతే మద్రాసు నుంచి వచ్చిన రీలుకు కింద ఇంగ్లీషు అక్షరాలు లేవు. క్లబ్బు సెక్రటరీ బాలసుబ్రమణ్యం చేతులు నలుపుకుంటూ వచ్చాడు. "అమ్మా, మీరు పుదుచ్చేరిలో ఫ్రెంచి బళ్లో చదివినారంట కదా. దేవకి చెప్పింది. మీరు తెలుగులో చెప్తా పోతే పిల్లోళ్లకు అర్థమయితాది." మా నాయన అక్కడి కోర్టులో గుమాస్తా కాబట్టి నేను సన్యాసినుల బెత్తం కింద ఫ్రెంచి నేర్చుకున్నాను. ఇన్నేళ్లకు అది ఒకరికి పనికొచ్చిందని పొంగిపోయి, చేతికి మైకు ఇస్తే పుచ్చుకున్నాను.

కథేమో రొట్టెల అంగడి నడిపే ఆలుమగలది. ఏళ్ల తరబడి వాళ్లకు మాటల్లేవు. మధ్యలో పనిమనిషి. "రొట్టె మాడిందని అయ్యగారితో చెప్పు." "మాడింది ముఖమని అమ్మగారితో చెప్పు." పనిమనిషి పెళ్లి చేసుకుని వెళ్లిపోతుంది. ఇక పోస్టుమాన్‌తో, గిరాకీలతో, చివరికి చర్చి ఫాదరుతో కూడా కబుర్లు పంపుకుంటారు. హాలంతా నవ్వుతోంది. నేను ఆమె గొంతు, ఆయన గొంతు, ఫాదరు గొంతు అన్నీ పట్టాను. మీరూ నవ్వారు. నవ్వితే దగ్గొస్తుందని తువాలు అడ్డం పెట్టుకుని మరీ నవ్వారు.

అప్పుడు బఠాణీలు ఒలిచే సీను వచ్చింది. ఆమె కిటికీ దగ్గర కూర్చుని ఒలుస్తూ ఉంటుంది. పెరట్లో మొగుడు కుక్కను పేరు పెట్టి, ముద్దుగా, మళ్లీ మళ్లీ పిలుస్తుంటాడు. ఆమె చూస్తుంది. అంతే. గింజలు గిన్నెలో పడే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె ఏమీ అనదు.

నేనన్నాను. మైకులో అన్నాను. "కుక్కకు పేరుంది. నాకూ ఒకటుంది. ఈ మనిషి నోట ఇంతవరకూ వినలేదు."

హాలు గొల్లుమంది. మీరు తువాలు ముఖం మీద నుంచి తీశారు.

బస్సులో చిత్తూరు దాకా కిటికీ బయటికే చూశారు. మాట అక్కడ తెగింది. ఇప్పుడేమో ఇంగ్లీషు సినిమా చూసొచ్చి, నేను తర్జుమా సరిగ్గా చేశానని నన్ను క్షమించేశారు. చెయ్యని తప్పుకు క్షమాపణ దొరికితే కోపమొస్తుంది. చేసిన తప్పుకు ఇట్లా పొరపాటున దొరికితే ఏమొస్తుందో నాకు తెలియడం లేదు.

రేపు చెప్పేస్తాను.

ఫిబ్రవరి 21

చెప్పలేదు. వంకాయలన్నీ పుచ్చువే వచ్చాయి.

ఫిబ్రవరి 23

ఆదివారమని దేవకి వచ్చింది. దాన్ని వెంటబెట్టుకుని సుభాన్ బాషా అంగడికి పోయాను. ఆ ఇంగ్లీషు సినిమా వెయ్యమంటే అతను తల గోక్కున్నాడు.

"దాన్లో ఏముందో గానీ అమ్మా, సారు కూడా దాని కోసరమే వచ్చినారు. మొత్తం చూసినారా, ఆనక ఒక్క తావు పట్టుకుని వెనక్కి తిప్పు, వెనక్కి తిప్పు అంటానే ఉన్నారు. నా మిషనుకు ఆయాసమొచ్చింది."

"ఏ తావు నాయనా?"

"అదే, ఆ యమ్మ ఏడస్తా మాట్లాడతాది చూడు, ఆడ."

దేవకి నా ముఖం చూసింది. నేను టీవీ ముఖం చూశాను.

ఇంగ్లీషువాళ్లు ఆ రొట్టెల అంగడిని సముద్రపు ఒడ్డున లాడ్జి చేశారు. పనిమనిషి స్థానంలో ఒక వాగుడుకాయ కుర్రాడు. కుక్క లేదు, చిలక ఉంది. బఠాణీలు లేవు. ఆ చోట ఆమె ఆ కుర్రాడి భుజం మీద తల పెట్టి చెబుతుంది: ఇన్నేళ్లు కలిసి బతికాం, ఈ మనిషి నన్నొక మనిషిగా చూడలేదు, నేనొకతెను ఉన్నానని గుర్తించలేదు. కన్నీళ్లు. దగ్గరగా ముఖం. ఇంకా దగ్గరగా ముఖం. ఇంకాస్త దగ్గరికి పోతే పళ్ల డాక్టరు కావాలి.

ఫ్రెంచివాడు ఖాళీ చెంబు చూపించి ఊరుకుంటాడు. ఇంగ్లీషువాడు చెంబు ఖాళీ అని చెప్పి, ఎందుకు ఖాళీ అయిందో చెప్పి, దాన్ని నింపి, పక్కన వయొలిన్ వాయిస్తాడు. ముగింపు కూడా అంతే. ఫ్రెంచి సినిమాలో ఆఖరున ఇద్దరూ భోజనానికి కూర్చుంటారు. ఆయనకు ఉప్పు కావాలి. ఎవరితో చెప్పాలా అని చుట్టూ చూస్తాడు, ఎవరూ లేరు. ఆమె తలెత్తకుండానే ఉప్పుగిన్నె ఇటు తోస్తుంది. అయిపోయింది. ఇంగ్లీషు సినిమాలో జోరున వాన. రైలు కదులుతుంది. ఆయన గొడుగు పారేసి, ఆమె పేరు పెట్టి అరుస్తూ పరుగెత్తుతాడు. ఆమె దిగుతుంది. వయొలిన్లు ఒకటి కాదు, మంద.

"ఏది బాగుండాది అవ్వా?" అని దేవకి అడిగింది.

"అడగాలా? ఫ్రెంచిది. చెప్పకుండా చెప్పడమే గొప్ప."

అంగడి మెట్లు దిగుతుంటే తట్టింది. చెప్పకుండా చెప్పడం గొప్పే. అది చెప్పగలిగినవాళ్ల సరదా. ఉప్పుగిన్నె తోసిన ఆమెకు మర్నాడు మాట్లాడదామనుకుంటే మొగుడికి గొంతు ఉంటుంది. అందుకే ఆ ముగింపుకు చప్పట్లు కొట్టాం.

ఈ మాట దేవకితో అనలేదు.

ఇంటికి వచ్చేసరికి మీరు గోడ గడియారానికి కీ ఇస్తున్నారు. వెనక్కి తిప్పించుకుని మరీ మీరు ఆ తావులో వెతికింది ఏమిటి? నేను చెప్పిన మాటే కదా.

ఫిబ్రవరి 25

చెప్పబోయాను. ఎవరో చందాకు వచ్చారు.

ఫిబ్రవరి 27

మండీ నుంచి ఆదిమూలం వచ్చాడు. మీకన్నా ముందు వచ్చి, గడపలో కూర్చుని, తలగుడ్డతో కళ్లు తుడుచుకున్నాడు. మన తూకాల మనిషి ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. తూకంలో తేడా వస్తేనే చలించే మనిషి.

"ఈ పొద్దు అన్నే వేలం పాడతానన్నాడు వదినా. వద్దంటే ఇనలేదు. గొంతు సగం గాలే. అయినా ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలిచినాడు. బంగారుపాళ్యం మునిరత్నాన్ని పిలిస్తే ఆయప్ప పలకలేకపోయినాడు. మండీ అంతా గమ్మున ఉండిపోయిందనుకో."

"అందర్నీ పిలిచారా?"

"అందర్నీ. హమాలీల్ని గూడా."

మజ్జిగ ఇచ్చి పంపేశాను. గిన్నెలు తోముకోవాలి. పనిమనిషి రాలేదు. వచ్చింది గానీ నేనే పంపేశాను.

మార్చి 2

చెప్పాను.

మీరు రాగి అంబలి తాగుతున్నారు. ముద్ద మింగుడుపడక అంబలిలోకి దిగి వారమయింది. నేను ఎదురుగా కూర్చుని, "మీతోనే చెబుతున్నా, గోడతో కాదు" అన్నాను. చెంబు పట్టుకున్న మీ చెయ్యి ఆగింది.

"ఆ బఠాణీల దగ్గర ఆమె ఏమీ అనలేదు. ఆ మాట నాది. ఫ్రెంచి సినిమాలో లేదు. రెండూ ఒకటే కథ కాదు."

మీరు చెంబు కింద పెట్టారు. అరవబోతారనుకున్నాను. అరుపుకు గొంతు లేదని గుర్తొచ్చింది.

"పేరు సంగతి ఇంగ్లీషులో యాడా రాలేదే అని నేనూ అనుకుంటా ఉండా," అన్నారు. "తిప్పి తిప్పి చూసినా. లేదు."

"మరి సరిగ్గానే ఉందని ఎందుకన్నారు?"

"ఏదో ఒకటి అనాల్నే. పలకరించేదానికి ఇంకేం దొరకలా."

 ఇన్నాళ్లూ పొరపాటున క్షమించారనుకున్నాను. మీరు పొరపాటు పడలేదు.

"నువ్వు మాత్రం," అని ఆగి, ఊపిరి తీసుకుని, "నువ్వు మాత్రం నా పేరు ఎబ్బుడన్నా పలికినావా?" అన్నారు.

"ఆడవాళ్లు పలకరాదు కదా."

"ఫ్రెంచి చదివినదానివి."

"అత్తమ్మ చెప్పింది. మొగుడి పేరు పలికితే ఆయుస్సు తరుగుతుందని. పెళ్లయిన కొత్తలోనే చెప్పింది."

"మా యమ్మ పోయి యెన్నాళ్లయింది. ఇంగా ఆమె కాపలానా?"

 మీరు తల వంచుకుని చెంబు అంచు తుడుస్తూ చెప్పారు. "మా నాయన ఉన్నన్నాళ్లూ ఆయప్ప ముందర పెండ్లాన్ని పేరు పెట్టి పిలిస్తే బాగుండదని ఊరకున్నా. ఆయప్ప పోయినాక నా నోరు తిరగలా. ఆ వయసులో కొత్తగా పిలిస్తే నువ్వు నవ్వుతావని."

నవ్వి ఉండేదాన్నే. ఖచ్చితంగా. వారం రోజులు నవ్వేదాన్ని, అత్తమ్మకు కూడా చెప్పి నవ్వించేదాన్ని.

ఇప్పుడు పిలవండి అని అడగలేదు. అడిగి పిలిపించుకునేదాన్ని హాజరంటారు. మీరు కూడా పిలవలేదు. "ఇదో, అంబలి సల్లారింది" అని చెంబు ఇటు తోశారు.

ఉప్పుగిన్నె. అచ్చం ఉప్పుగిన్నె. ఆ సినిమాను అంతమందిలో మెచ్చుకున్నందుకు నాకిది జరగాల్సిందే.

మార్చి 4

వంటింట్లో ఎవరూ లేనప్పుడు మీ పేరు పలకబోయాను. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. నాకు అట్లాంటి వాటిలో నమ్మకం లేదు. బొత్తిగా లేదు. అయినా ఆపరేషన్ ముందుపెట్టుకుని ప్రయోగాలు దేనికి?

మార్చి 7

మీరు గోడతో కూడా మాట్లాడడం లేదు. గొంతు దాచుకుంటున్నారని రామచంద్ర అన్నాడు. దేనికి దాచుకుంటున్నారని కన్నకొడుకును అడగలేను.

మార్చి 10, వేలూరు

రామచంద్ర పొద్దున్నే బంగారుపాళ్యం నుంచి ఫ్యాక్టరీ జీపు తెచ్చాడు. మామిడి గుజ్జు వాసన. దారిలో మీరు గోడ గడియారానికి కీ ఇచ్చిందీ లేనిదీ నన్ను సైగలతో అడిగారు. ఇచ్చానని సైగ చేశాను. ఇద్దరమూ ఇప్పటి నుంచే అలవాటు చేసుకుంటున్నాం.

రామచంద్ర లాడ్జి చూడడానికి పోయాడు. మీరు బల్ల మీద కూర్చున్నారు. వరుసలో నిలబడ్డది నేను. కిటికీ లోపల ఒక చిన్నమ్మాయి, తల ఎత్తకుండా, వచ్చీరాని తెలుగులో అడిగింది.

"పేషెంటు పేరు చెప్పమ్మా."

జనవరిలో వచ్చినప్పుడు మీ పేరు రామచంద్రే చెప్పాడు. ఈ ఘట్టం ఒకటి వస్తుందని నాకు తట్టనే లేదు.

"మా ఇంటాయన."

"పేరు?"

"శివుడి పేరు. కంచిలో ఉంటాడు చూడు, ఆ స్వామి."

"కంచిలో శానా సాములున్నారమ్మా. కామాక్షా?"

"ఆడమనిషి కాదమ్మా!"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరో "అవ్వా, తొందరగా కానీ, సాయంత్రమయితాది" అన్నారు. ఆ పిల్ల కలం ఆపి నా వైపు చూసింది. జాలిగా చూసింది. ఈ అవ్వకు అక్షరం ముక్క రాదు, మొగుడి పేరు కూడా చెప్పలేదు పాపం అన్న చూపు. ఆ చూపు నేను బతుకంతా ఇతరుల మీద వాడినదే.

రేపు కత్తి. ఈ రోజు పేరు. అత్తమ్మ నా చెవి పక్కనే నిలబడి ఉంది. మీరు బల్ల మీద తువాలు సర్దుకుంటున్నారు. పలికితే తరుగుతుంది. పలకకపోతే మీరు వినకుండానే...

"ఏకాంబరం!" అన్నాను.

అన్నాననుకున్నాను. అరిచానట. వరుస మొత్తం తిరిగి చూసింది. బల్ల మీద నుంచి మీరు ఠక్కున లేచి, మండీలో పిలిస్తే పలికినట్టు, "ఆఁ" అన్నారు.

ఆ "ఆఁ" నాకు ఇంకా వినిపిస్తూనే ఉంది. తరవాత మీరు కూర్చున్నారు. నా వైపు చూడలేదు. నేను వేలిముద్ర వెయ్యాలా అని ఆ పిల్ల అడిగితే, ఫ్రెంచిలో సంతకం పెట్టనా అని అడిగి వచ్చాను.

ఏం చేశాను నేను?

మార్చి 11

పొద్దున స్ట్రెచర్ వచ్చింది. రామచంద్ర మీ కాళ్లు సర్దుతూ వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు, అంతటి మనిషి. నేను పక్కన నడుస్తున్నాను. తలుపు దగ్గర, ఇంక లోపలికి రాకూడదమ్మా అని నర్సు ఆపింది.

వయొలిన్లు ఉంటే ఇక్కడ వాయించాలి. నాకు ఇంగ్లీషు ముగింపే కావాలి. ఆ రైలు, ఆ వాన, ఆ వెర్రి గొడుగు అన్నీ కావాలి. ఎవరితో చెప్పుకోవడానికీ సిగ్గు లేదు.

మీరు చెయ్యెత్తి స్ట్రెచర్ ఆపించారు.

"పంకజాక్షీ."

గాలి ఎక్కువ, గొంతు తక్కువ. అయినా ప్రతి అక్షరమూ ఉంది. నేను వంగాను. రామచంద్ర ఏడుపాపాడు. నర్సు కూడా ఆగింది.

"ఇంటి తాళంచెవి యాడ పెట్టినావు?"

"నా కొంగునే ఉంది," అన్నాను.

"ఊఁ," అన్నారు. తలుపులు మూసుకున్నాయి.

అంతే. వేలాలు పాడిన గొంతు, దాని ఆఖరి మాట తాళంచెవి.

తాళంచెవి కాదు. దాని ముందుది.

సాయంత్రం

ఇంకా బయటికి తేలేదు. కొంగు ముడి విప్పి తాళంచెవి చూసుకున్నాను. ఉంది. పేరు పలికినందుకే ఆలస్యమా? ఇట్లాంటి ప్రశ్న అడిగే పిల్లలకు సన్యాసినులు గోడ కుర్చీ వేయించేవాళ్లు.

రాత్రి ఎనిమిదికి

తెచ్చారు. ఊపిరి ఉంది. గొంతు మధ్య గొట్టం. నేను ఆ ఊపిరినే చూస్తూ కూర్చున్నాను.

మార్చి 14

ఈ రోజు మిమ్మల్ని కూర్చోబెట్టారు. ఏదో అడగాలని పెదవులు కదిపారు. గాలి గొట్టంలో నుంచి పోయింది, పెదవులు ఊరికే ఆడాయి. మీ కళ్లలో భయం నేను మొదటిసారి చూశాను. చూడనట్టు దుప్పటి సర్దాను.

పక్క మంచం అజ్మతున్నీసా అది చూసి, లేచి, పలక తెచ్చి ఇచ్చింది. ఆమె పెనిమిటి ఖలందర్‌ది కూడా ఇదే జబ్బు, మనకన్నా ముందొచ్చారు. "ఈయన నిద్రపోతుండాడు లేమ్మా, అంతవరకూ రాసుకోమను," అంది.

మీరు పలక తీసుకుని చాలాసేపు బలపం పట్టుకుని కూర్చున్నారు. నీళ్లు కావాలని రాస్తారనుకున్నాను. నొప్పి అని రాస్తారనుకున్నాను.  మండీ లెక్కల అక్షరాలు, పెద్దవి, వాలినవి. రాసి, పలక నా వైపు తిప్పారు.

"నా పేరు చెప్పినావు. అయినా బతికే ఉండా."

నవ్వాను. ఈ వార్డులో ఎవరూ నవ్వనంత పెద్దగా నవ్వాను. నర్సు వచ్చి కోప్పడింది. మీరు కూడా నవ్వారు. చప్పుడు లేదు, భుజాలు మాత్రం కదిలాయి. అడ్డం పెట్టుకోవడానికి తువాలు అక్కర్లేకపోయింది. మీకు దగ్గొస్తుందేమో, కుట్లు కదులుతాయేమో అని భయపడి, నవ్వు ఆపమని పేరు పెట్టి చెప్పాను. రెండోసారి కొంచెం సులువు.

అజ్మతున్నీసా పలక కోసం చెయ్యి చాచింది. రేపిస్తానన్నాను. దేవకి రేపు మధ్యాహ్నం బస్సులో వస్తోంది. వాళ్ల పక్కింటికి ఫోను చేసి దానికి చెప్పవలసినవి: బజారులో రెండు పలకలు కొనాలి. చెక్క చట్రం ఉన్న రాతి పలకలే, రేకువి వద్దు. బలపాలు మెత్తటివి, గీస్తే కిచకిచమనకూడదు. ఒక పలక అజ్మతున్నీసాకు ఇవ్వాలి, ఇంకొకటి తాత రోజూ రాసుకోవడానికి. ఇది ఇక వాళ్లకు తిరిగి ఇచ్చేది లేదు. దీన్ని చుట్టడానికి లాడ్జిలో నా పెట్టె అడుగున ఉన్న పట్టు గుడ్డ తేవాలి. తడిగుడ్డ దీని దగ్గరికి ఎవరూ తేకూడదు.